స్తోత్రం చెప్పలేని స్నేహితుడు



"అమేజింగ్ గ్రేస్" అనే పాట మీలో చాలామందికి తెలుసు. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు కూడా ఆ రాగం వినగానే గుర్తుపడతారు. ఆ పాట రాసిన జాన్ న్యూటన్ ఒకప్పుడు బానిసలను అమ్మే ఓడల్లో పనిచేశాడని, సముద్రంలో తుఫానులో చిక్కుకుని దేవునికి మొరపెట్టాడని మనం ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. అందుకే ఆ పాట కూడా ఆ తుఫానులోనే, ఆ ఓడ మీదే పుట్టిందని చాలామంది అనుకుంటారు. నేను కూడా సెమినరీకి వెళ్లే వరకు అలాగే అనుకున్నాను. కాని తుఫాను వచ్చింది 1748లో. పాట వచ్చింది దాదాపు 25 సంవత్సరాల తరువాత. అప్పటికి న్యూటన్ ఇంగ్లాండులోని ఓల్నీ అనే చిన్న ఊరిలో సంఘ కాపరి. 1773 జనవరి 1, శుక్రవారం, నూతన సంవత్సర ఆరాధనలో తాను చెప్పబోయే ప్రసంగానికి తోడుగా ఆ పాట రాసుకున్నాడు.

అంటే మనం డిసెంబరు 31 రాత్రి చేసుకునే కృతజ్ఞతా కూడిక లాంటి సందర్భం కోసమే అది పుట్టింది.

ఆ రోజు ఆయన తీసుకున్న వాక్యభాగం మొదటి దినవృత్తాంతములు 17వ అధ్యాయం, 16, 17 వచనాలు. దావీదు దేవుని సన్నిధిలో కూర్చుని, ఇంతవరకు నన్ను తీసుకువచ్చావే, నేనెంతటివాడిని, నా ఇల్లు ఎంతటిది అని ఆశ్చర్యపోయే చోటు అది. న్యూటన్ తన సంఘానికి చెప్పిన సంగతి సూటిగానే ఉంది. వెనక్కి చూడండి, దేవుడు చేసిన మేళ్లు కనబడతాయి. ఇప్పుడు ఎక్కడున్నారో చూసుకోండి. ముందున్న నిరీక్షణను చూడండి. మీ సంఘంలో కూడా ఏదో ఒక కొత్త సంవత్సరం ఇలాంటి వర్తమానం విని ఉంటారు.

అయితే ఆ పాట గురించి చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. మర్నాడు జరిగిన సంగతి చెప్పరు. మర్నాడు, జనవరి 2న, ఇంకా తెల్లవారుతూ ఉండగానే న్యూటన్‌కు కబురు వచ్చింది. అతి దగ్గరి స్నేహితుడి ఇంటి నుంచి. వెళ్లి చూసి, నిర్ఘాంతపోయి, దుఃఖంతో తిరిగి వచ్చినట్టు ఆయన డైరీలో రాసుకున్నాడు. ఆ స్నేహితుడి పేరు విలియం కౌపర్. (ఆ పేరును కూపర్ అని పలకాలంటారు. నేను సెమినరీలో విన్న అలవాటు కొద్దీ కౌపర్ అనే అంటాను.) నేను ఈ రోజు మీతో మాట్లాడదలచింది ఈయన గురించే.

అంతకన్నా ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కాపరిగా నా మొదటి సంవత్సరాల్లో, ఒక డిసెంబరు 31 రాత్రి, అందరూ వరుసగా లేచి ఈ సంవత్సరం దేవుడు చేసిన మేలు ఒక్కటైనా చెప్పాలని నేను పట్టుబట్టాను. వరుస సాగుతోంది. ఉద్యోగం వచ్చిందని ఒకరు, ఇల్లు కట్టుకున్నామని ఒకరు, జబ్బు నయమైందని ఒకరు చెబుతున్నారు. వెనక వరుసలో ఒక తల్లి లేచింది. ఆ సంవత్సరమే ఆమె చెట్టంత కొడుకును పోగొట్టుకుంది. ఆమె నిలబడింది గాని నోట మాట రాలేదు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "స్తోత్రం అని ఒక్క మాటైనా చెప్పమ్మా, విశ్వాసంతో చెప్పు" అన్నాను మైకులో. ఆమె తలవంచుకుని కూర్చుంది. తరువాత చాలా నెలలు గుడికి రాలేదు. అప్పుడు నేను ఆమె విశ్వాసం బలహీనపడిందని అనుకున్నాను. కౌపర్ చరిత్ర చదివిన తరువాతే నేను ఏం చేశానో నాకు అర్థమైంది.

కౌపర్ 1731లో పుట్టాడు. ఆరేళ్లప్పుడు తల్లి చనిపోయింది. విచిత్రం ఏమిటంటే, న్యూటన్ తల్లి కూడా ఆయనకు ఆరేళ్ల వయసులోనే చనిపోయింది. ఒకడు సముద్రం మీదికి వెళ్లి మొండివాడయ్యాడు. ఇంకొకడు బడిలో, తరువాత లండనులో న్యాయశాస్త్రం చదువుతూ, పిరికితనంతో, సున్నితమైన మనస్సుతో పెరిగాడు. 1763లో ఆయనకు పార్లమెంటులో ఒక గుమస్తా ఉద్యోగం దొరికే అవకాశం వచ్చింది. దానికి నలుగురి ముందు పరీక్ష ఇవ్వాలన్నారు. ఆ భయంలో మనస్సు చెదిరింది. ప్రాణం తీసుకోవాలని కూడా ప్రయత్నించాడు. తమ్ముడు, బంధువులు ఆయనను సెయింట్ ఆల్బన్స్ అనే ఊరిలో డాక్టర్ నథానియల్ కాటన్ నడిపే చికిత్సాలయంలో చేర్చారు. ఆ కాలంలో మతి చెడిన వాళ్లను గొలుసులతో కట్టేసే చోట్లు చాలా ఉండేవి. కాటన్ అలాంటివాడు కాదు, దయగల వైద్యుడు, విశ్వాసి. అక్కడ 1764లో ఒక రోజు, రోమా పత్రిక 3వ అధ్యాయం చదువుతుండగా కౌపర్‌కు రక్షణానందం కలిగింది. మీలో డాక్టరు దగ్గరికి వెళ్లడం విశ్వాసానికి విరోధం అనుకునేవారు ఉంటే, ఈ సంగతి ఒక్కసారి ఆలోచించండి. ఆయనకు ప్రభువు దొరికింది వైద్యుడి ఇంట్లోనే.

1767లో కౌపర్ ఓల్నీకి వచ్చాడు. అన్విన్ అనే పాస్టరు గుర్రం మీద నుంచి పడి చనిపోతే, ఆయన భార్య మేరీ అన్విన్ కుటుంబంతో కలిసి ఈయన కూడా న్యూటన్ సంఘానికి దగ్గరలో ఉండాలని వచ్చాడు. ఓల్నీ పేదల ఊరు. లేసు అల్లుకుని బ్రతికేవాళ్లే ఎక్కువ. కౌపర్ ఇంటి తోటకు, న్యూటన్ ఇంటి తోటకు మధ్య ఒక పండ్లతోట ఉండేది. వీధి చుట్టూ తిరిగి వెళ్లకుండా ఆ తోటలోంచి నడవడానికి సంవత్సరానికి ఒక గినీ కట్టేవారట. స్నేహం ఎంత గట్టిదో ఆ చిన్న బాడుగలో తెలుస్తుంది. ఇద్దరూ కలిసి రోగులను చూసేవారు, ప్రార్థనా కూడికలు నడిపేవారు, పాటలు రాసేవారు.

ఆ తరువాత 1773 వచ్చింది. నూతన సంవత్సరం నాడు సంఘమంతా కృతజ్ఞతలు చెప్పింది. కౌపర్ మాత్రం అగాధంలో పడ్డాడు. ఆ ఫిబ్రవరిలో ఒక కల వచ్చింది. దేవుడు తనను విడిచిపెట్టేశాడని, ఇక తన పని అయిపోయిందని ఆ కలలో విన్నట్టు నమ్మాడు. అప్పటి నుంచి ఓల్నీ గుడిలో ఆరాధనకు వెళ్లలేదు. భోజనం దగ్గర ఇతరులు ప్రార్థన చేస్తుంటే, తనకు ఇందులో పాలు లేదన్నట్టుగా చాకు, ఫోర్కు చేత్తో పట్టుకుని కూర్చునేవాడని జీవితచరిత్రలు రాసినవారు చెబుతారు. అన్నం ముందు స్తోత్రం కూడా చెప్పుకోలేని మనిషి! ఆయన రాసిన పాటలు మాత్రం చుట్టుపక్కల వాళ్లు పాడుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు న్యూటన్ ఏం చేశాడో చూడండి. ఆ ఏప్రిల్‌లో కౌపర్ న్యూటన్ ఇంటికి వచ్చాడు. ఊళ్లో సంత గోల భరించలేక ఒకటి రెండు రోజులు ఉందామని వచ్చినవాడు, తిరిగి వెళ్లనని ఏడ్చాడు. ఉండనిచ్చారు. ఒక వారం కాదు, ఒక నెల కాదు. 1774 మే వరకు, పదమూడు నెలలు! పాస్టరుగారి ఇంట్లో రాకపోకలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఆ ఇంట్లో నమ్మకం పోయిన ఒక మనిషి, రాత్రులు నిద్రపోని మనిషి, ఏ రోజు ఏం చేసుకుంటాడో తెలియని మనిషి. న్యూటన్ భార్యను మనం ఈ కథలో మర్చిపోతుంటాం. ఆ పదమూడు నెలలు వండి వడ్డించింది ఆమె గదా.

న్యూటన్ ఆయనను కృతజ్ఞత లేనివాడని గద్దించలేదు. గుడికి రమ్మని చేయి పట్టి లాగలేదు. తోటలో పని చేసుకోనిచ్చాడు, కోళ్లకు గింజలు వేసుకోనిచ్చాడు. 1774 మే నెలలో న్యూటన్ ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఒక సంగతి ఉంది. కోళ్లకు మేత వేస్తుండగా ఏదో చిన్న విషయానికి కౌపర్ చిరునవ్వు నవ్వాడని, పదహారు నెలలకు పైగా ఆ ముఖం మీద కనబడిన మొదటి నవ్వు అదేనని రాశాడు. ప్రియులారా, ఎంత జాగ్రత్తగా కనిపెట్టి ఉంటే నెలలు లెక్కపెట్టగలడో చూడండి! ఆ రోజు కృతజ్ఞత చెప్పింది కౌపర్ కాదు. ఆయన బదులు న్యూటన్ చెప్పాడు.

కొందరు చరిత్రకారులు న్యూటన్ బోధ కఠినమైనదని, కౌపర్ పిచ్చికి ఆయనే కారణమని రాశారు. అది న్యాయం కాదని నా అభిప్రాయం. జబ్బు 1763లోనే వచ్చింది, అప్పటికి వాళ్లిద్దరికీ పరిచయమే లేదు. అయితే సిగ్గరి అయిన మనిషి చేత నలుగురిలో ప్రార్థన చేయించడం, రోజంతా పరిచర్యలో తిప్పడం న్యూటన్ ఆలోచించవలసిన సంగతే. మంచి కాపరులు కూడా ఎదుటివాడి బలాన్ని తమ బలంతో కొలుస్తారు. నేను చేసింది కూడా అదే.

ఆ 1774లోనే ఇంకొక చిన్న సంగతి జరిగింది. పొరుగువాళ్ల పిల్లలు ఒక కుందేలు పిల్లను తెచ్చుకున్నారు. నాలుగు రోజులు ఆడుకుని విసిగిపోయారు. అది చిక్కిపోతుంటే వాళ్ల తండ్రి, ఈయనకు కాలక్షేపం అవుతుందని తెచ్చి కౌపర్‌కు ఇచ్చాడు. ఈ కబురు తెలిసి ఊళ్లో వాళ్లు ఇంకా చాలా తెచ్చారట! ఆయన మూడింటిని ఉంచుకున్నాడు. పస్, టైనీ, బెస్ అని పేర్లు పెట్టాడు. వాటిలో రెండు ఆడపేర్లే గాని మూడూ మగవే. వాటికి ఇళ్లు తానే చెక్కలు కొట్టి చేశాడు. టైనీ కోపిష్టిది. పస్ సాధువైనది. ఒకసారి పస్‌కు జబ్బు చేసింది. మూడు రోజులు కౌపర్ దగ్గరుండి మందులు వేశాడు, మేత పెట్టాడు. అది కోలుకున్నాక ఏం చేసిందో ఆయన 1784లో ఒక పత్రికకు రాసిన ఉత్తరంలో వివరించాడు. అది ఆయన చేతి వెనక భాగం నాకింది, తరువాత అరచేయి నాకింది, తరువాత ఒక్కొక్క వేలు, ఆపైన వేళ్ల సందులు కూడా. దానికంటే కృతజ్ఞత గల ప్రాణి ఇంకొకటి ఉండదని ఆయన రాశాడు.

ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. అన్నం ముందు స్తోత్రం చెప్పుకోలేని మనిషి కుందేలు చెప్పిన స్తోత్రాన్ని వేలు వేలుకూ లెక్కపెట్టి రాశాడు! మరి దేవుడు తనను విడిచిపెట్టాడని నమ్మినవాడు, విడిచిపెట్టబడిన ఒక పిల్లను చేరదీశాడు. ఆ కుందేలు మీద చూపిన దయలో పదోవంతు తన మీద చూపుకోగలిగి ఉంటే ఎంత బాగుండేది! అది ఆయన వల్ల కాలేదు.

మనం కూడా అంతే కదా. పొరుగింటి పిల్లవాడు పరీక్ష తప్పితే "పోనీలే బాబూ, మళ్లీ రాద్దువుగాని" అంటాం. అదే మనం ఒక పొరపాటు చేస్తే, రాత్రంతా మనల్ని మనమే కోర్టులో నిలబెట్టుకుంటాం. మోకరించి కూడా తిట్టుకుంటాం. "నీ మీద నీవు దయ చూపుకో" అంటే ఇది లోకజ్ఞానమని, పాపాన్ని కప్పిపుచ్చడమని కొందరు విశ్వాసులు భయపడతారు. ఆ భయం నాకు తెలుసు. పాపాన్ని పాపమని ఒప్పుకోవాలి. న్యూటన్ ఒప్పుకున్నాడు. 1788లో బానిస వ్యాపారానికి విరోధంగా పుస్తకం రాసి, తాను చేసినదాన్ని బహిరంగంగా చెప్పుకున్నాడు. ఆ సంవత్సరమే కౌపర్ కూడా దాని మీద పద్యాలు రాశాడు. కాని అలసటను పాపం అనకూడదు. జబ్బును అవిశ్వాసం అనకూడదు. మొదటి రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని చావు కోరుకున్నాడు. దేవదూత వచ్చి ఏమన్నాడు? కర్మెలు మీద అగ్ని దిగిన సంగతి మరిచావా, కృతఘ్నుడా అన్నాడా? లేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. ప్రయాణం దూరమని చెప్పాడు, అంతే. 88వ కీర్తన చూడండి. మొదటి నుంచి చివరి దాకా స్తోత్రం లేదు, చీకటితోనే ముగుస్తుంది. అయినా దాన్ని పాటల పుస్తకంలోంచి తీసివేయలేదు.

దినదినం కృతజ్ఞత చెప్పే అలవాటు వద్దంటున్నానా? కానే కాదు. న్యూటన్‌కే ఆ అలవాటు ఉండేది. 1751 డిసెంబరులో ఒక కొత్త పుస్తకం తీసుకుని డైరీ మొదలుపెట్టాడు. తుఫాను నుంచి తప్పించబడిన మార్చి 21వ తేదీని ప్రతి సంవత్సరం ప్రత్యేకించి జ్ఞాపకం చేసుకున్నాడు. చూపు మందగించిన ముసలితనంలో, 1805 మార్చి 21న కూడా రాశాడు. అయితే ఆ డైరీ తెరిస్తే అంతా స్తోత్రాలే ఉండవు. ప్రార్థనలో మనస్సు నిలవలేదని, హృదయం చల్లారిపోయిందని ఎన్నో చోట్ల రాసుకున్నాడు. మర్నాడు మళ్లీ రాశాడు. ఆ డైరీలో నాకు నచ్చింది ఇదే. మీరు కూడా ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి, పాత నోటుబుక్కు అయినా ఫర్వాలేదు. రాత్రి పడుకునే ముందు ఆ దినం జరిగిన ఒక్క మేలు రాయండి. పెద్దవి వెతకవద్దు. వేళకు వచ్చిన బస్సు, ఎవరో ఇచ్చిన మజ్జిగ, పిల్లవాడి జ్వరం దిగడం. కోళ్లకు గింజలు వేయడం అంత చిన్నవి. ఏ రోజైనా రాయలేకపోతే తేదీ మాత్రం వేసి వదిలేయండి. ఆ ఖాళీ గీత చూసి దేవుడు నొచ్చుకోడు.

ఆ ఖాళీ గీతలు వారాల తరబడి సాగితే మాత్రం, నిద్ర, తిండి పోతే, బ్రతకాలని లేదన్న తలంపు వస్తే, ఒంటరిగా ప్రార్థించి ఊరుకోవద్దు. ఇంట్లో వాళ్లకు చెప్పండి, మీ కాపరికి చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. 2022లో మొదలైన టెలిమానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. కౌపర్‌కు డాక్టర్ కాటన్ ఉన్నాడు, మీకూ ఎవరో ఒకరు ఉండాలి.

ఓల్నీ మనకు పరాయి ఊరనుకోవద్దు. కౌపర్ ఇంకా ఆ ఊళ్లో కాపురం ఉండగానే, అక్కడి బాప్తిస్టు సంఘం 1786లో ఒక చెప్పులు కుట్టే యువకుడిని సేవకు ప్రత్యేకించింది. ఆయనే విలియం కేరీ. ఆయన శ్రీరాంపూరు ముద్రణాలయం నుంచి 1818లో తెలుగు క్రొత్త నిబంధన వచ్చింది. ఆ కేరీ ఇంట్లోనూ ఇదే దుఃఖం. బెంగాలుకు వచ్చాక చిన్న వయసు కొడుకు ఒకడు చనిపోయి, భార్య డొరతీకి మతి చలించింది. 1807లో ఆమె చనిపోయే దాకా కేరీ ఆమెను ఇంట్లోనే ఉంచి చూసుకున్నాడు. ఆయన తర్జుమాలు చేస్తున్న సంవత్సరాలవే.

కౌపర్ కథకు సుఖాంతం ఉందని నేను మీకు అబద్ధం చెప్పను. 1779లో ఓల్నీ పాటల పుస్తకం 348 పాటలతో అచ్చయింది. అందులో 60కి పైగా కౌపర్‌వి. ఇంకా ఎక్కువ రాసి ఉండేవాడే, జబ్బు రానివ్వలేదని న్యూటన్ ముందుమాటలో ఏ దాపరికం లేకుండా చెప్పాడు. స్నేహితుడి పాటలను పుస్తకంలోంచి తీసివేయలేదు. 1785లో కౌపర్ రాసిన పెద్ద కావ్యం దేశమంతా చదివింది. అయినా చీకటి మళ్లీ మళ్లీ వచ్చింది. 1796లో మేరీ అన్విన్ చనిపోయింది. 1800 ఏప్రిల్ 25న ఆయన కన్నుమూశాడు, ఆ చివరి దినాల్లో కూడా ఆదరణ దొరికినట్టు కనబడదు. న్యూటన్ మాత్రం తన స్నేహితుడు ప్రభువు దగ్గరే ఉన్నాడని ఒక్కనాడూ సందేహించలేదు. నేనూ సందేహించను.

ఆ వెనక వరుస తల్లి సంగతి అడుగుతారేమో. ఏడెనిమిది నెలల తరువాత నేను, నా భార్య ఆమె ఇంటికి వెళ్లాం. నేను క్షమాపణ అడిగాను. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. నా భార్య పక్కన కూర్చుని తానూ ఏరడం మొదలుపెట్టింది. చాలాసేపటికి ఆమె అన్నది, "అయ్యగారూ, ఆ రోజు నన్ను కూర్చోమ్మా అని ఉంటే చాలండి." నేను ఇంటికి వచ్చి న్యూటన్ ప్రసంగించిన ఆ వాక్యభాగం మళ్లీ తీశాను. దావీదు దేవుని మందిరం కట్టాలనుకున్నాడు. నీవు కట్టవద్దని నాతాను ద్వారా జవాబు వచ్చింది. ఆ మాట విన్న రోజే ఆయన దేవుని సన్నిధికి వెళ్లాడు. నిలబడలేదు, కూర్చున్నాడని రాసి ఉంది.

కౌపర్ కుందేళ్లలో పస్ అన్నిటికంటే ఎక్కువ కాలం బ్రతికింది. 1786 మార్చి 9న అది చనిపోయింది. ఆ రోజు కౌపర్ ఒక కాగితం మీద తేదీ వేసి, దాని వయసు పదకొండు సంవత్సరాల పదకొండు నెలలని, మిట్టమధ్యాహ్నం దాటాక పోయిందని, ముసలితనం వల్లే గాని జబ్బు వల్ల కాదని, బాధపడినట్టు లేదని రాసిపెట్టుకున్నాడు.